స్టెంట్ పడ్డాక బండి, బంతి, బీపీ మిషన్: మూడేళ్ళ వాడకం మీద సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాను. గుండెకు స్టెంట్ పడి, మళ్ళీ బండెక్కి, రాత్రిళ్ళు ఫుట్‌బాల్ మానలేని మనిషి ఇంట్లో జబ్బకు కట్టే డిజిటల్ బీపీ మిషన్ ఉండాల్సిందే. మణికట్టుకు కట్టేది వద్దు. స్మార్ట్ వాచీ ఉంటే ఉండనివ్వండి, కానీ దీని పని అది చెయ్యదు. అయితే ఈ మిషన్ కుదురుగా కూర్చున్నవాళ్ళకే నిజం చెప్తుంది. బండి దిగి హెల్మెట్ తీసిన మరు నిమిషంలోనో, హాఫ్ టైమ్ విజిల్ పడగానేనో పట్టీ చుట్టుకుంటే వచ్చే అంకె భయపెట్టడానికి తప్ప ఎందుకూ కొరగాదు.

వాడింది మధ్యరకం మిషన్. నాలుగు పెన్సిల్ సెల్లులు, 22 నుంచి 42 సెంటీమీటర్ల జబ్బకు సరిపోయే పట్టీ, ఇద్దరికి విడివిడిగా 60 చొప్పున రీడింగులు, గుండె లయ తప్పితే వెలిగే గుర్తు. బ్లూటూత్ లేదు, లేదని బెంగా లేదు. కంపెనీ పేరు కన్నా పట్టీ కొలత ముఖ్యం. దర్జీ టేపుతో భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టుకొలత చూసుకుని కొనండి. 35 సెంటీమీటర్ల జబ్బకు 32 వరకే పనికొచ్చే పట్టీ కడితే నాళాన్ని నొక్కడానికి ఎక్కువ గాలి కావాలి, దాంతో లేని బీపీ కనిపిస్తుంది. మాత్ర పెంచాల్సింది పోయి పట్టీ మార్చాల్సిన కేసులు కొన్నుంటాయి.

కొలిచే పద్ధతి మిషన్‌తో వచ్చే పుస్తకంలో ఉంటుంది, ఎవరూ చదవరు. చొక్కా చెయ్యి పైకి మడిచి బిగించకండి, పూర్తిగా తీసేయండి. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ళ పైన ఉండాలి, గొట్టం లోపలి వైపు నాళం మీదుగా దిగాలి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత వదులు చాలు. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనించి, నోరు మూసుకుని అయిదు నిమిషాలు కూర్చోవాలి. కాలు మీద కాలు వేసుకున్నా, మాట్లాడుతున్నా, ఒంటికి వెళ్ళకుండా బిగబట్టుకున్నా పై అంకె పెరుగుతుంది. చెయ్యి ఎత్తు మరీ ముఖ్యం. గుండె మట్టం కన్నా పట్టీ పది సెంటీమీటర్లు కిందికి ఉంటే సుమారు 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది మిషన్ లోపం కాదు, ఆ ఎత్తు రక్తం బరువు అంత. సోఫాలో కూరుకుపోయి చెయ్యి ఒళ్ళో పెట్టుకునేవాళ్ళకు జరిగేది ఇదే. డైనింగ్ టేబుల్, మామూలు కుర్చీ, మోచేతి కింద మడిచిన తువ్వాలు ఉంటే చాలు.

ఉదయం లేచిన గంటలోపు, ఒంటికి వెళ్ళొచ్చి, టీకి ముందు, మాత్రలకు ముందు, నిమిషం తేడాతో రెండుసార్లు. రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ రెండు. ఇలా ఏడు రోజులు చూసి, మొదటి రోజువి కొట్టేసి, మిగిలిన 24 రీడింగుల సగటు తీస్తే అదీ మీ బీపీ. ఆసుపత్రిలో 140/90 ఎంతో ఇంట్లో 135/85 అంత. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు డాక్టరు ఇంకా కిందికి గీత గీస్తారు, ఆ గీతే మీది. రోజుకు నాలుగు చొప్పున 60 రీడింగుల మెమరీ పదిహేను రోజులకే నిండుతుంది, ఆపైన పాతవి చెరిగిపోతాయి. అందుకే బండి సర్వీసు డైరీలా చిన్న నోటు పుస్తకం పెట్టుకోవాలి. డాక్టరు ఒక పేజీ చూస్తారు గానీ మన ఫోన్‌లో పైకీ కిందికీ జరుపుతూ కూర్చోరు.

మొదటిసారి రెండు చేతులకూ చూడండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఇక ఎప్పుడూ ఆ చెయ్యే. రక్తం గడ్డ కట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ వేసుకునేవాళ్ళకు పట్టీ అంచున ఎర్రటి చుక్కలో చిన్న కమిలిన గుర్తో పడొచ్చు. నమ్మకం కుదరక వరసగా ఆరుసార్లు నొక్కేవాళ్ళకు ఇది ఎక్కువ. రెండుసార్లతో ఆపండి. చుక్కలు పాకుతున్నా, చిగుళ్ళలో రక్తం కనబడినా డాక్టరుకు చూపించండి. ఆ మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. అలా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది.

ఇక మ్యాచ్ రాత్రులు. మన గడియారంలో చాంపియన్స్ లీగ్ పెద్ద మ్యాచ్‌లు చలికాలంలో ఒంటిగంటన్నరకు మొదలవుతాయి. మార్చి చివరి ఆదివారం యూరప్‌వాళ్ళు గడియారం గంట ముందుకు జరిపాక పన్నెండున్నరకు. ఒంటిగంటన్నర మ్యాచ్ ముగిసేసరికి మూడు దాటుతుంది, ఇక ఉదయం రీడింగ్ ఆరింటికి ఎక్కడ? నిద్ర చాలని ఉదయం అంకె పెరగడం మామూలే. కొందరు మ్యాచ్ లేని వారం ఏరుకుని కొలుచుకుంటారు. వారానికి రెండు రాత్రులు మేలుకునే మనిషి అలా చేస్తే డాక్టరుకు వేరే ఎవరి బీపీయో చూపించినట్టే. కొలవండి, పక్కన ‘మ్యాచ్’ అని రాయండి, అంతే. రోజుకు రెండుసార్లు వేసుకునే టికాగ్రెలార్‌ను ఉదయం 8, రాత్రి 8 దగ్గర కట్టేస్తే ఏ లీగ్ ఏ వేళకు పెట్టుకున్నా మాత్ర తప్పదు. నిద్ర లేచాక వేసుకుందామంటే మ్యాచ్ మర్నాడు అది పదకొండవుతుంది.

మ్యాచ్ జరుగుతుండగా మిషన్ జోలికి వెళ్ళొద్దు. హాఫ్ టైమ్ పదిహేను నిమిషాలే, అందులో అయిదు నిమిషాలు మౌనంగా కూర్చునే అభిమాని పుట్టలేదు. 2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ 88వ నిమిషంలో సమం చేసి, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి కప్పు ఎత్తిన రాత్రి ఎవరి బీపీ చూసినా 150కి తగ్గి ఉండదు. ఆ అంకెకు వైద్యం అక్కర్లేదు.

అలాగని మ్యాచ్ రాత్రిని తేలిగ్గా తీసుకోమని కాదు. 2006 ప్రపంచ కప్పు అప్పుడు మ్యూనిక్ ప్రాంతంలో లెక్క తీస్తే, జర్మనీ ఆడిన రోజుల్లో గుండె అత్యవసర కేసులు మామూలు రోజులకన్నా 2.66 రెట్లు వచ్చాయి. మ్యాచ్ మొదలైన తొలి రెండు గంటల్లోనే ఎక్కువ. గుండె జబ్బు ముందే ఉన్నవాళ్ళ వాటా కూడా ఆ రోజుల్లో పెరిగింది. కాబట్టి టీవీ ముందు పక్క బల్ల మీద ఉండాల్సింది బీపీ మిషన్ కాదు, డాక్టరు రాసిచ్చిన సార్బిట్రేట్. ఛాతీ పట్టేస్తే కూర్చుని, డాక్టరు చెప్పిన ప్రకారం నాలుక కింద పెట్టుకోవాలి. నిలబడి వేసుకుంటే బీపీ జారి కళ్ళు తిరిగి పడతారు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108. బండి తాళాలు ఎవరూ ముట్టుకోకూడదు, ముఖ్యంగా నొప్పి ఉన్న మనిషి. మిషన్ 124/78 చూపించినా ఇదే మాట. గుండెపోటు వస్తున్నప్పుడు బీపీ మామూలుగానే ఉండొచ్చు, మంచి అంకె చూసి పడుకోవడమే ఈ మిషన్‌తో జరిగే పెద్ద ప్రమాదం.

మూడేళ్ళలో మిషన్ డబ్బులకు న్యాయం చేసింది మాత్రం బండి విషయంలో. గుండె జబ్బు అనగానే అందరూ ఎక్కువ బీపీ గురించే మాట్లాడతారు. మెటోప్రోలాల్, దానికి తోడు ఇంకో బీపీ మాత్ర వేసుకుని ఏప్రిల్, మే ఎండలో జాకెట్ తొడిగి బండి నడిపేవాళ్ళకు అసలు బెడద తక్కువ బీపీ. చెమటకు నీరు పోతుంది, మాత్ర తన పని తాను చేస్తూనే ఉంటుంది, సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టగానే కళ్ళ ముందు చీకటి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, ఆ క్షణంలో దాన్ని ఆపేవాళ్ళు ఎవరుంటారు? దీనికి నిలబడి చూసే పరీక్ష ఉంది. కూర్చుని ఒకటి చూసుకుని, పట్టీ విప్పకుండా లేచి నిలబడిన నిమిషం తర్వాత ఒకసారి, మూడు నిమిషాల తర్వాత ఇంకోసారి చూడాలి. అప్పుడు చెయ్యి వేలాడదీయకుండా గుండె ఎత్తున అల్మరా అర మీద పెట్టాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే ఆ రోజు బండి వద్దు, డాక్టరుకు ఫోన్ చేసి మాత్రల సంగతి అడగండి. ఎండలు ముదిరిన వారం, మాత్ర మోతాదు మారిన వారం, విరేచనాలు పట్టుకున్న మర్నాడు ఈ పరీక్ష తప్పనిసరి.

బండి దిగాక అరగంట ఆగి చూడండి. ఒకే సిలిండర్ ఇంజన్ అదురుకు చేతులు ఇంకా జివ్వుమంటూనే ఉంటాయి, ఆ కండరాల బిగువు రీడింగ్‌ను పాడు చేస్తుంది. మిషన్ కూడా పట్టీలో గాలి అలజడినే లెక్కిస్తుంది, చెయ్యి వణికితే దాన్ని కూడా నాడి అనుకుని తప్పు అంకె ఇస్తుంది, లేదా ఎర్రర్ చూపిస్తుంది. యాంజియో కుడి మణికట్టు నుంచి చేసి ఉంటే ఇంకో చిక్కు. థ్రాటిల్, ముందు బ్రేకు రెండూ ఆ చేతివే. పైకి గాయం మానినట్టే ఉంటుంది. డాక్టరు సరే అనేదాకా బండి తియ్యొద్దు, ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు సెంటర్ స్టాండ్ వెయ్యకండి. ఊపిరి బిగబట్టి బండిని వెనక్కి లాగే ఆ ఒక్క గుంజుకే బీపీ ఎగబాకుతుంది. సైడ్ స్టాండ్ వేస్తే పోయేదేమీ లేదు. 112 కిలోల స్ప్లెండర్ ఇంట్లో ఉంటే మొదటి నెలలు దాంతోనే గడిపేయడం ఉత్తమం, పరువు కాస్త తగ్గినా. బైపాస్ అయినవాళ్ళ లెక్క వేరు. కోసిన ఛాతీ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, హ్యాండిల్ మీద బరువు పడేది ఆ ఎముక మీదే.

ఛాతీలో షాక్ ఇచ్చే పరికరం అమర్చినవాళ్ళకు ఈ మిషన్‌తో ఇబ్బంది లేదు. 2021 జూన్ 12న కోపెన్‌హేగన్ మైదానంలో గుండె ఆగి కూలిపోయిన డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ అలాంటి పరికరంతోనే మరుసటి ఏడు బ్రెంట్‌ఫర్డ్ చొక్కా వేసుకున్నాడు. బండి మీద వాళ్ళు చూసుకోవాల్సింది ట్యాంకు బ్యాగు. అయస్కాంతంతో అతుక్కునే రకమైతే వంగినప్పుడు పరికరానికి దగ్గరగా వస్తుంది. కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి, పట్టీలతో కట్టే బ్యాగు తీసుకుంటే గొడవే ఉండదు.

వాచీ గురించి రెండు ముక్కలు. బండి మీద అది చూపించే నాడి, అడుగుల లెక్క రెండూ నమ్మొద్దు. హ్యాండిల్ అదురును అది నడక అనుకుంటుంది, ఇంటి నుంచి ఆఫీసుకు బండి మీద వెళ్ళొచ్చినా వేల అడుగులు వేసినట్టు మెచ్చుకుంటుంది. నడకలో మాత్రం పనికొస్తుంది. అక్కడ కూడా 220లోంచి వయసు తీసేసే సూత్రం మెటోప్రోలాల్ వేసుకునేవాళ్ళకు వర్తించదు, మాత్ర నాడిని పట్టి ఉంచుతుంది కనుక. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం చాలు.

మిషన్ ఎక్కడ పాడవుతుంది? ముందుగా పట్టీ. వెల్క్రోలో నూలు, తువ్వాలు పీచు చేరి ఏడాదికల్లా గాలి ఎక్కుతుండగా చర్ మని ఊడుతుంది. పాత టూత్ బ్రష్‌తో పీచు దువ్వేస్తే ఇంకో ఏడాది లాగుతుంది. తర్వాత గొట్టం, మిషన్‌లో గుచ్చే చోట. మిషన్ చుట్టూ గొట్టం బిగించి చుట్టి పెడితే సరిగ్గా అక్కడే పగులుతుంది. గాలి ఎక్కుతూ మధ్యలో ఆగి, మళ్ళీ ఎక్కుతూ, చివరికి ఎర్రర్ వస్తుంటే చెవి దగ్గర పెట్టి వినండి, సన్నగా బుస్సుమంటుంది. పట్టీ ఒక్కటే దొరుకుతుంది, అదే కంపెనీ, అదే మోడల్‌ది తీసుకోవాలి. వేరేది గుచ్చితే పట్టేస్తుంది గానీ అంకె తప్పుతుంది.

ప్రయాణంలో సైలెన్సర్ వైపు సంచిలో పెట్టకండి. తువ్వాలులో చుట్టి వీపు సంచిలో వేసుకుంటే వేడీ అదురూ రెండూ తగ్గుతాయి. దిగాక గది చల్లదనానికి రావడానికి అరగంట ఇవ్వండి. ఈ మిషన్లు మామూలుగా 10 నుంచి 40 డిగ్రీల మధ్య వాడేందుకు చేసినవి, రామగుండంలోనో కొత్తగూడెంలోనో మే మధ్యాహ్నం గది ఆ హద్దు దాటొచ్చు. అక్కడ ఉదయం రీడింగే దిక్కు. సార్బిట్రేట్‌కు కూడా వేడి పడదు, సీటు కింద డబ్బాలో నెలల తరబడి మరిచిపోయిన మాత్రల షీటును నమ్ముకోవద్దు. చొక్కా లోపలి జేబులో ఉంచుకుని, గడువు తేదీ చూసి మారుస్తుండాలి.

ఏడాదికోసారి మిషన్‌ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఒకే చేతికి ఆయన మిషన్‌తో ఒకసారి, దీంతో ఒకసారి చూపించండి. మూడేళ్ళలో మూడుసార్లూ తేడా 5 లోపే వచ్చింది. లయ గుర్తు ఒక్కసారి వెలిగితే చెయ్యి కదిలిందేమో అనుకోవచ్చు, మూడింట రెండుసార్లు వెలిగితే ఈసీజీ తీయించాలి. సెల్లులు ఆల్కలైన్‌వే వెయ్యండి. మామూలువి వేస్తే పంపు మూలిగి, పట్టీ సగం నిండాక తెర ఆరిపోతుంది. అడాప్టర్ మీద వాడుతూ సెల్లులు లోపలే వదిలేస్తే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి. ఈ మిషన్‌లో ఒక స్ప్రింగు అలాగే పోయింది, గరుకు కాగితంతో గీకితే గానీ మళ్ళీ వెలగలేదు.