ఆష్‌రిడ్జ్ అడవిలో నీలిపూలు, ఆల్డ్‌బరీలో భోజనం

ఏప్రిల్, మే నెలల్లో లండన్ తెలుగువాళ్ల ఇళ్లకు అమ్మానాన్నలు వస్తుంటారు. అక్కడి ఎండలు తప్పుతాయి, ఇక్కడ చలి తగ్గుతుంది. టవర్ బ్రిడ్జి, ప్యాలెస్ మొదటి వారంలోనే అయిపోతాయి. తర్వాత ఎక్కడికని అడిగేవాళ్లందరికీ నేను ఆష్‌రిడ్జ్ అడవి పేరే చెబుతున్నాను. నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్తే మరీ బాగుంటుంది. ఈ వసంతంలో మేం అలాగే వెళ్లాం.

లండన్‌లోని యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే అడవికి దగ్గర్లోని ట్రింగ్‌కు సుమారు 40 నిమిషాలు. స్టేషన్ ట్రింగ్ పట్టణానికి దూరంగా, పొలాల మధ్య ఉంటుంది. నడవడానికి వచ్చేవాళ్లకు అదే మేలు. స్టేషన్ దాటగానే ఆల్డ్‌బరీ గ్రామానికి కాలిబాట మొదలవుతుంది. పెద్దవాళ్లతో అరగంట పట్టింది.

ఆ బాట గురించి ఒక మాట చెప్పాలి. ఇంగ్లండ్‌లో ఇలాంటి దారులు సొంతదారుల పొలాల గుండానే పోతాయి, అయినా ఎవరైనా నడవవచ్చు. అది చట్టం ఇచ్చిన హక్కు. రైతు పొలం దున్నితే దారిని మళ్లీ సరిచేయాలి. గుంటూరు వైపు జీవితమంతా సేద్యం చేసిన ఒక పెద్దాయన ఈ సంగతి విని, గుర్తు పలక దగ్గర ఆగి, నిజమేనా అని రెండుసార్లు అడిగారు. తర్వాత వంగి ఒక మట్టిపెళ్ల తీశారు. వేళ్లతో నలిపితే తెల్లగా సుద్దపొడి రాలింది, లోపలి నుంచి నల్లటి చెకుముకిరాయి ముక్క బయటపడింది. ఇక్కడి చిల్టర్న్ కొండలన్నీ సుద్దరాయే. "ఇందులో నీళ్లెక్కడ నిలుస్తాయి?" అంటూ దారి పొడవునా గోధుమ పైరు చూసుకుంటూ నడిచారాయన. ఆ పూట నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఆల్డ్‌బరీ చిన్న ఊరు. నడిబొడ్డున కుంట, దాని పక్కనే ఒకప్పుడు నేరస్థుల కాళ్లు బిగించిన కొయ్య బొండ. అక్కడి నుంచి అడవిలోకి ఎక్కుడు. ఎక్కువ దూరం లేదు కానీ వాన పడితే జారుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చేతికర్ర తప్పదు, పిల్లల తోపుడుబండి ఈ దారిన వద్దు. పైన 1832లో కట్టిన బ్రిడ్జ్‌వాటర్ స్తంభం ఉంది. మాంచెస్టర్‌కు బొగ్గు చేరవేయడానికి కాలువ తవ్వించిన ప్రభువు జ్ఞాపకార్థం నిలిపారు. పక్కనే టీ దుకాణం, మరుగుదొడ్లు. పెద్దవాళ్లు కూర్చోవడానికి ఇంతకు మించిన చోటు ఈ దారిలో లేదు.

అడవిలో బ్లూబెల్ అనే నీలిపూలు మాత్రం కళ్లారా చూడాల్సిందే. బీచ్ జాతి చెట్లు ఆకు తొడిగి నీడ కమ్మేలోపే ఇవి పూయాలి. అందుకే ఏప్రిల్ చివర, మే మొదట్లో కొద్ది రోజులే ఉంటాయి. ఈ జాతిలో ప్రపంచం మొత్తం మీద దాదాపు సగం బ్రిటన్‌లోనే ఉందంటారు. ఓపిక ఉన్నవాళ్లు మరికొంత ముందుకు, డాకీ వుడ్ అనే అడవి భాగం దాకా వెళ్లి వచ్చారు. పూల మధ్య కూర్చుని ఫొటోలు దిగవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. తొక్కిన ఆకు మళ్లీ లేవదు, గడ్డ బలం కోల్పోతుంది, ఆ చోట తిరిగి పూయడానికి ఏళ్లు పడుతుంది.

తిరిగి ఆల్డ్‌బరీకి దిగాక, పబ్‌లో భోజనం అనగానే పెద్దవాళ్లు కాస్త జంకారు. ఇక్కడి పల్లెల్లో పబ్ ఊరందరిదీ. ఆదివారం మధ్యాహ్నం పసిపిల్లలు, తాతలు, బల్ల కింద కుక్కలు, అందరూ అక్కడే. ఇంతమందికి ముందే బల్లలు, వంటకాలు చెప్పి ఉంచాలి, లేకపోతే చోటు దొరకదు. ఆదివారం రోస్ట్ అంటే కాల్చిన మాంసం, బంగాళదుంపలు, ఉడికిన కూరలు, వాటి మీద గ్రేవీ. కోడి, గొర్రె మాంసం తిన్నవాళ్లు పళ్లాలు ఖాళీ చేశారు. చిక్కంతా శాకాహారులకే వచ్చింది. గింజలు, పప్పులతో చేసిన నట్ రోస్ట్ తెచ్చారు కానీ, దాని మీద మాంసపు గ్రేవీయే పోశారు. అడిగితే వెంటనే మార్చి వేరేది తెచ్చిపెట్టారు. అయినా రోజంతా నియమంగా ఉండే అత్తయ్యగారికి ఆ తర్వాత ముద్ద దిగలేదు. కాబట్టి బల్ల చెప్పేటప్పుడే మూడూ విడివిడిగా అడగండి: గ్రేవీ దేనితో చేస్తారు, దుంపలు ఏ కొవ్వులో కాలుస్తారు, రోస్ట్‌తో వచ్చే యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుంది కాబట్టి అది లేకుండా పెడతారా. చివర వచ్చిన ఆపిల్ క్రంబుల్ వేడివేడిగా, పుల్లతీపిగా ఉండి ఆవిడకు కూడా నచ్చింది.

తిరుగు ప్రయాణానికి భోజనం తర్వాత స్టేషన్ దాకా చదును దారే. ఆదివారాల్లో పట్టాల మరమ్మతులు పెట్టుకుంటారు కాబట్టి బయల్దేరే ముందు రోజు రైళ్ల వేళలు చూసుకోండి. స్టేషన్ చుట్టుపక్కల దుకాణాలేమీ కనిపించవు. నీళ్లు, పిల్లల తినుబండారాలు ఆల్డ్‌బరీలోనే కొనుక్కోవడం మంచిది.