కాలేజ్ ఫుట్‌బాల్ 25 సమీక్ష: చిన్న జట్టుతో ర్యాంకు జట్టును కొట్టాలంటే

2024 నవంబర్ 30న కొలంబస్‌లో జరిగిన అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మిషిగన్ యూనివర్సిటీ జట్టు 13–10తో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టును ఓడించింది. ఆ రోజుకి ఒహాయో స్టేట్‌ది రెండో ర్యాంకు. మిషిగన్ ఆరు గెలిచి, ఐదు ఓడి, టాప్ 25లోనే లేదు. పందేల లెక్కలో ఇద్దరి మధ్య తేడా దాదాపు 20 పాయింట్లు. పోనీ ఒహాయో స్టేట్ డొల్ల జట్టా అంటే కాదు, రెండు నెలలు తిరక్కుండానే జాతీయ చాంపియన్ అయింది. ఇలాంటి ఫలితాన్ని ఇంట్లో కూర్చుని రాబట్టడానికి ఈఏ స్పోర్ట్స్ కాలేజ్ ఫుట్‌బాల్ 25 అనే వీడియో గేమ్ ఎంతవరకు పనికొస్తుందన్న ఒక్క కోణంలోంచే ఈ సమీక్ష. గ్రాఫిక్స్, బ్యాండు పాటలు, మస్కట్‌ల ముచ్చట్లు వేరే చోట బోలెడు దొరుకుతాయి.

ముందు కొనేవాళ్లకు రెండు ముక్కలు. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. 2024 జూలై 19న ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లకు మాత్రమే వచ్చింది. పీసీలో లేదు, పాత ప్లేస్టేషన్ 4లో ఆడదు. మామూలు ఎడిషన్ విడుదల ధర 69.99 డాలర్లు. 2013లో వచ్చిన పాత గేమ్ తర్వాత పదకొండేళ్లు ఆగిపోవడానికి కారణం కోర్టు గొడవలు: ఆటగాళ్ల పోలికలు వాడుకుంటూ వాళ్లకు పైసా ఇవ్వకపోవడం. ఈసారి ఒప్పుకున్న ఒక్కొక్కరికి 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. అందుకే 134 జట్లలోనూ అసలు పేర్లున్న ఆటగాళ్లు కనిపిస్తారు. కోచ్‌లు మాత్రం కల్పిత పేర్లతోనే ఉన్నారు.

చాలామంది చేసే మొదటి తప్పు జట్టును ఎంచుకోవడంలోనే. మిషిగన్–ఒహాయో మ్యాచే ఆడదామని మిషిగన్‌ను తీసుకుంటారు. విడుదల నాటి రేటింగ్‌లో ఒహాయో స్టేట్‌కు 93, మిషిగన్‌కు 88. ఐదు పాయింట్ల తేడా పెద్ద తేడా కాదు. జూలైలో వేసిన అంచనాలో నవంబర్ నాటి మిషిగన్ అవస్థ ఎలా ఉంటుంది? నిజంగా బలహీన జట్టుతో ఆడాలనుకుంటే వాండర్‌బిల్ట్‌నో, నార్తర్న్ ఇలినాయిస్‌నో తీసుకోండి. వాండర్‌బిల్ట్ 2024 అక్టోబర్ 5న నంబర్ వన్ అలబామాను 40–35తో ఓడించింది. అంతకుముందు అలబామాను ఓడించింది 1984లో. నార్తర్న్ ఇలినాయిస్ అదే ఏడాది సెప్టెంబర్ 7న ఐదో ర్యాంకు నోటర్ డామ్‌ను 16–14తో కొట్టింది. ఈ రెండు మ్యాచ్‌లూ ఈ గేమ్‌కు మంచి గీటురాళ్లు.

ఇక సెట్టింగులు. కష్టస్థాయిలు నాలుగు: ఫ్రెష్‌మన్, వర్సిటీ, ఆల్ అమెరికన్, హైజ్‌మన్. మొదటి రెండింటిలో ఏ జట్టుతోనైనా గెలుస్తారు కాబట్టి గెలిచినా అర్థం లేదు. హైజ్‌మన్‌లో బలహీన లైన్‌తో (ముందు నిలబడి అవతలివాళ్లను అడ్డుకునే వరుసతో) ఆడితే క్వార్టర్‌బ్యాక్‌కు (బంతి అందుకుని దాన్ని విసిరే లేదా ఇచ్చే ఆటగాడికి) ఊపిరి తీసుకునే టైమ్ కూడా దొరకదు. ఈ పనికి ఆల్ అమెరికన్ సరిగ్గా సరిపోతుంది. క్వార్టర్ 10 లేదా 11 నిమిషాలు పెట్టి, యాక్సిలరేటెడ్ క్లాక్ (ప్లే ఎంచుకున్నాక గడియారాన్ని ముందుకు దూకించే సెట్టింగు) ఆన్ చేస్తే ఒక్కో జట్టుకు నిజమైన మ్యాచ్‌కు దగ్గరగా ప్లేలు (బంతిని ముందుకు తీసుకెళ్లే ఒక్కో ప్రయత్నం) వస్తాయి. క్వార్టర్ పూర్తి 15 నిమిషాలు పెట్టడం అసలుకే మోసం. ఎందుకో క్రికెట్ చూసే ఎవరికైనా తెలుసు: వర్షం వల్ల 50 ఓవర్లు 20 ఓవర్లయితే చిన్న జట్టుకు ఆశ పుడుతుంది. బంతి చేతికొచ్చే సందర్భాలు ఎన్ని ఎక్కువైతే బలమైన జట్టు తన బలాన్ని చూపించుకునే అవకాశాలు అన్ని ఎక్కువ. చిన్న జట్టుకు అవి ఎంత తగ్గితే అంత మంచిది.

అందుకే ఈ గేమ్‌లో చిన్న జట్టు చేతిలో ఉన్న అసలు ఆయుధం గడియారం. ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఉండే గడువు) 40 సెకన్లు. అందులో ఐదు మిగిలేదాకా బంతిని కదపకుండా ఆగితే, ప్లే జరిగే కాలం కూడా కలుపుకుని ఒక్కో ప్లేకు సుమారు 40 సెకన్లు పోతాయి. పన్నెండు ప్లేల డ్రైవ్ (బంతి దొరికినప్పటి నుంచి పోయేదాకా సాగే దాడి) అంటే ఎనిమిది నిమిషాలు. ప్లే ఎంచుకునే తెరలోనే టెంపోను చ్యూ క్లాక్‌కు మార్చుకోవచ్చు. అయితే పాస్ కింద పడినా, బంతి పట్టుకున్నవాడు గీత దాటి బయటికి పోయినా గడియారం ఆగుతుంది. కాబట్టి పరుగు మధ్యలోంచి వెళ్లాలి, ఇంకో రెండు యార్డులకు ఆశపడి సైడ్‌లైన్ వైపు పరిగెత్తకూడదు. అలబామాతో వాండర్‌బిల్ట్ చేసింది ఇదే: 60 నిమిషాల్లో 42 నిమిషాల 8 సెకన్లు బంతి వాళ్ల దగ్గరే ఉంది. మూడో డౌన్లు (పది యార్డులు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోవి) 18 వస్తే 12 గట్టెక్కారు. ఈ రెండో అంకె లేకపోతే మొదటిది రాదు. గడియారం తినాలంటే ముందు మూడో డౌన్ గెలవాలి, మూడో డౌన్ గెలవాలంటే అది మూడు, నాలుగు యార్డుల దూరంలో ఉండాలి.

ఆ మూడు, నాలుగు యార్డులు ఎక్కడినుంచి వస్తాయి? ఇక్కడ గేమ్ నిజంగా మెచ్చుకోదగ్గ పని చేసింది. కాలేజ్ ఆటకే ప్రత్యేకమైన ఆప్షన్ ప్లేలను శ్రద్ధగా కట్టింది. ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ సైనిక అకాడమీ జట్ల ప్లేబుక్‌లలో ఫ్లెక్స్‌బోన్ ట్రిపుల్ ఆప్షన్ (బంతి మూడు దారుల్లో ఎటైనా పోగల ప్లే) పూర్తిగా ఉంది. బలహీన జట్టుకు ఇదెందుకంటే, మీ లైన్‌మన్‌లు అవతలి వాళ్లందర్నీ నెట్టలేరు. ఆప్షన్‌లో ఒకర్ని కావాలనే వదిలేస్తారు. వాడు ఎటు కదిలితే బంతి దానికి అవతలికి పోతుంది. నెట్టలేనివాణ్ణి నెట్టకుండానే ఆటలోంచి తీసేసినట్టు.

రీడ్ ఆప్షన్‌లో ఆ వదిలేసిన డిఫెన్సివ్ ఎండ్‌ను (అవతలి లైన్ చివర నిలబడేవాణ్ణి) చూడాలి. వాడు రన్నింగ్ బ్యాక్ (బంతి మోసి పరిగెత్తేవాడి) మీదకు దూకితే ఏమీ నొక్కకండి, క్వార్టర్‌బ్యాకే బంతి ఉంచుకుని బయటికి పరిగెత్తుతాడు. వాడు కదలకుండా క్వార్టర్‌బ్యాక్ కోసం కాచుకుంటే ప్లేస్టేషన్‌లో ఎక్స్, ఎక్స్‌బాక్స్‌లో ఏ బటన్ నొక్కి పట్టుకుంటే బంతి బ్యాక్‌కు వెళ్తుంది. కొత్తవాళ్లు బంతి స్నాప్ కాకముందే (క్వార్టర్‌బ్యాక్‌కు అంది ప్లే మొదలవకముందే) మనసులో నిర్ణయించేసుకుంటారు. అలా ఆడితే ఇది రీడ్ కాదు, జూదం. స్పీడ్ ఆప్షన్‌లో (క్వార్టర్‌బ్యాక్ పక్కకు పరిగెడుతూ బంతిని ఉంచుకునే లేదా పక్కవాడికి విసిరే ప్లేలో) పిచ్‌కు, అంటే ఆ విసురుకు, ఎల్1 లేదా ఎల్‌బీ. ఢీకొనే క్షణం దాకా ఆగి నొక్కితే బంతి నేల మీద పడుతుంది. ఫంబుల్స్‌లో చాలావాటికి మూలం ఇదే. డిఫెండర్ చేతికందే దూరానికి రాకముందే వదిలేయండి.

మైదానం వెడల్పును కూడా వాడుకోవాలి. కాలేజ్ హ్యాష్ గీతల (ప్రతి ప్లేకూ బంతిని వీటి మీదో, మధ్యలోనో పెడతారు) మధ్య దూరం 40 అడుగులు, ప్రొఫెషనల్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల ఆరంగుళాలే. మైదానం వెడల్పు 160 అడుగులు కాబట్టి బంతి ఎడమ హ్యాష్ మీద ఉంటే ఎడమవైపు 60 అడుగులు, కుడివైపు 100 అడుగులు. మీ దగ్గర వేగమున్న క్వార్టర్‌బ్యాక్ ఉంటే స్పీడ్ ఆప్షన్ ఆ 100 అడుగుల వైపు వేయండి. వేగం లేని జట్టయితే అందుకు విరుద్ధంగా ఇరుకు వైపే టైట్ ఎండ్‌ను (లైన్ చివర నిలబడి అడ్డుకునే, పాస్ కూడా పట్టే ఆటగాణ్ణి) పెట్టి గుద్దుకుంటూ పోవాలి, ఎందుకంటే విశాలమైన వైపు అవతలి లైన్‌బ్యాకర్ (లైన్ వెనక నిలబడే డిఫెండర్) మీకన్నా ముందే అక్కడుంటాడు. మ్యాడెన్ (ఎన్‌ఎఫ్‌ఎల్ వీడియో గేమ్) ఆడి వచ్చినవాళ్లు ఈ తేడా గమనించక మొదటి వారమంతా తంటాలు పడతారు.

పాసింగ్ దగ్గర అత్యాశ వద్దు. ఐదు, ఆరు ప్లేలు లోపలికి పరిగెత్తాక ఒక ప్లే యాక్షన్ (పరుగని నమ్మించి వేసే పాస్), మిగతావన్నీ స్లాంట్‌లు, స్క్రీన్‌ల లాంటి పొట్టి పాస్‌లు, ఆర్‌పీఓలు (పరుగా, పాసా అన్నది ప్లే మొదలయ్యాక తేల్చేవి). కాలేజ్ నియమాల్లో పాస్ వేసేలోపు లైన్‌మన్ మూడు యార్డుల దాకా ముందుకు పోవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్కటే. ఆర్‌పీఓ కాలేజ్ జట్ల పంట పండించడానికి ఆ రెండు యార్డులే కారణం.

డిఫెన్స్‌లో చెప్పాల్సింది తక్కువే: బ్లిట్జ్ (అదనపు డిఫెండర్లను క్వార్టర్‌బ్యాక్ మీదకు ఉరికించడం) మానేయండి. మీ కార్నర్‌లు (రిసీవర్లను కాచేవాళ్లు) నెమ్మది, వాళ్ల రిసీవర్లు (పాస్ పట్టేవాళ్లు) మెరుపులు. ఒక్క బ్లిట్జ్ గురి తప్పితే 70 యార్డులు. కవర్ 2, కవర్ 4 లాంటి వెనక కాపలా పెట్టే ఏర్పాట్లు వేసి, కోచింగ్ అడ్జస్ట్‌మెంట్స్‌లో ట్యాక్లింగ్‌ను కన్సర్వేటివ్‌లో పెట్టి, మీరు నడిపే ఆటగాడిగా సేఫ్టీనో (అందరికన్నా వెనక ఉండే డిఫెండర్) మధ్య లైన్‌బ్యాకర్‌నో తీసుకోండి. కంప్యూటర్‌ను పన్నెండు ప్లేలు ఆడనివ్వండి, ఎక్కడో ఒకచోట జారుతుంది. జారినా జారకపోయినా గడియారం మాత్రం నడుస్తుంది.

పరాయి మైదానంలో ఆడటం ఈ గేమ్‌లోని మంచి భాగం. జనం హోరెత్తితే తెర వణుకుతుంది, ప్లే ఆర్ట్ గీతలు వంకర్లు పోయి ఎవరు ఎటు పరిగెడతారో కనిపించదు. ఆడటానికి అతి కష్టమైన స్టేడియాల జాబితాలో టెక్సస్ ఏ అండ్ ఎం వారి కైల్ ఫీల్డ్‌ది మొదటి స్థానం, అలబామా స్టేడియంది రెండు, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్)ది మూడు, ఒహాయో స్టేడియంది నాలుగు. విరుగుడు ఏమిటంటే మూడో డౌన్‌లో ఆడిబుల్ (ఆఖరి క్షణంలో ప్లే మార్చడం) చేయకండి. హడల్‌లో ఎంచుకున్న ప్లేనే, కళ్లు మూసుకున్నా రూట్లు గుర్తుండేదాన్ని, వేయండి. అలాంటివి ఆరేడు ప్రాక్టీస్ మోడ్‌లో ముందే కంఠతా పట్టుకుంటే చాలు.

వేర్ అండ్ టేర్ అనే ఏర్పాటు రెండు వైపులా పదునున్న కత్తి. దెబ్బ తగిలిన శరీర భాగాన్ని బట్టి ఆటగాడి సామర్థ్యం తగ్గుతూ పోతుంది. కొలంబస్‌లో మిషిగన్ బ్యాక్ కేలెల్ మలింగ్స్ 32 సార్లు బంతి మోసి 116 యార్డులు తీశాడు. గేమ్‌లో ఒకే బ్యాక్‌తో ఆ పని చేయిస్తే నాలుగో క్వార్టర్‌కు వాడు సగం మనిషి. రెండో బ్యాక్‌ను మూడో వంతు ప్లేలకు దించాలి, కానీ 25లో మనిషిని మార్చే పద్ధతి మోటుగా ఉంది. క్వార్టర్‌బ్యాక్‌తో పరిగెత్తించినప్పుడు స్క్వేర్ లేదా ఎక్స్‌బాక్స్ ఎక్స్ బటన్‌తో స్లైడ్ చేయించడం మరవొద్దు.

అసలు లోపం మరోటుంది. ఆ రోజు ఒహాయో స్టేట్ దగ్గర దేశంలోనే మేటి రిసీవర్లున్నారు. అయినా మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ అనే ఇద్దరు భారీ డిఫెన్సివ్ ట్యాకిల్‌లున్న మిషిగన్ లైన్ మధ్యభాగంలోకే మళ్లీ మళ్లీ పరిగెత్తి, కొండను పొట్టేలు ఢీకొన్నట్టు మొత్తం మ్యాచ్‌లో 77 యార్డులు తీసింది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ రెండు ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ల చేతికి పోయిన పాస్‌లు) ఇచ్చాడు, అందులో ఒకటి తమ గోల్ గీత దగ్గరే. రెండు ఫీల్డ్ గోల్స్ (మూడు పాయింట్ల కిక్కులు) గురి తప్పాయి. మిషిగన్ పాసింగ్ మొత్తం 62 యార్డులే, అయినా గెలిచింది. విరామానికి 10–10, తర్వాత మిషిగన్ కిక్కర్ డామినిక్ జ్వాడా 45 సెకన్లుండగా కొట్టిన 21 యార్డుల ఫీల్డ్ గోల్ ఒక్కటే తేడా. అంటే ఆ గెలుపులో సగం మిషిగన్ పట్టుదల, సగం ఒహాయో స్టేట్ మొండితనం. గత మూడేళ్లుగా ఓడుతున్న జట్టు ‘మేమూ మీలా గుద్దగలం’ అని నిరూపించుకోబోయి తన బలాన్నే మరిచిపోయింది. గేమ్‌లోని కంప్యూటర్‌కు ఈ పంతం లేదు. డౌన్, దూరం, స్కోరు చూసి ప్లే వేస్తుంది. రైవల్రీ మ్యాచ్ అని బ్యానర్లు, ట్రోఫీలు చూపిస్తుంది తప్ప అవతలి కోచ్ చేయి వణకదు. అందుకే ఇక్కడ 13–10 రావడం అరుదు, వాండర్‌బిల్ట్ తరహా 40–35కే దారి ఉంది: బంతి దాచుకోవాలి, వచ్చిన ప్రతిసారీ టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం) కొట్టాలి. అవతలి సగంలో నాలుగో డౌన్, రెండు యార్డులయితే పంట్ చేయకుండా (బంతిని తన్ని అవతలివాళ్లకు వదిలేయకుండా) ఆడేయండి.

2025 జూలై 10న వచ్చిన కాలేజ్ ఫుట్‌బాల్ 26లో అసలు కోచ్‌ల పేర్లు వచ్చాయి, ఆటగాళ్ల మార్పిడి బాగుపడింది, జట్లు 136 అయ్యాయి. చిన్న జట్టును డైనాస్టీ మోడ్‌లో ఏళ్ల తరబడి పెంచాలనుకునేవారు 26 తీసుకోవాలి. 30 సీజన్లు ఏ బ్యాక్‌ను ఎప్పుడు దించాలా అని మెనూలతో కుస్తీ పట్టలేరు. అప్పుడప్పుడు ఒక్క మ్యాచ్ ఆడేవారికి తక్కువ ధరకు దొరికిన 25 డిస్కు చాలు. ఏది కొన్నా మొదటి సాయంత్రం మ్యాచ్ ఆడకుండా ప్రాక్టీస్ మోడ్‌లో 35 యార్డుల ఫీల్డ్ గోల్ ఒక ముప్పై సార్లు కొట్టండి. నార్తర్న్ ఇలినాయిస్ నోటర్ డామ్‌ను ఓడించింది 31 సెకన్లుండగా అంత దూరం నుంచే. ఈ గేమ్‌లో కిక్ మీటర్ చేతికి అలవాటు కాకపోతే 59 నిమిషాల కష్టమూ అక్కడే పోతుంది.