బయట టేకు తలుపుకి పీయూనా, లిన్సీడ్ ఆయిలా?

చెన్నైలో బీచ్ దగ్గర పడమటి గుమ్మం ఉన్నోళ్ళకి తెలుసు, టేకు తలుపైనా ఎండకి వెలిసిపోయి కింద వానజల్లు కొట్టే చోట నల్లబడిపోతుంది. 80 నంబర్ శాండ్‌పేపర్‌తో మొదలెట్టి 120, 220 దాకా చెక్క చారల వెంబడే రుద్దాలి, ఇది పీయూ (పాలీయురేథేన్, అంటే చెక్క మీద గట్టి పొరలా ఆరే వార్నిష్), లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) రెండిటికీ తప్పదు.

ఎక్స్‌టీరియర్ పీయూ కొడితే నీళ్ళు ఆగుతాయి, మెరుపూ బావుంటుంది, కానీ ఎక్కడైనా పొర లేచి నీళ్ళు దూరాయంటే చుట్టూ ఊడిపోతూనే ఉంటుంది, అప్పుడు మొత్తం గీకాల్సిందే. లిన్సీడ్ ఆయిల్ అయితే పాడైన చోట మాత్రం రుద్ది గుడ్డతో పూస్తే కలిసిపోద్ది, కాకపోతే ఏటా అక్టోబర్ వానలకి ముందు మళ్ళీ పూయాలి, తేమకి బూజు కూడా పడుతుంది. అన్నట్టు ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వేడెక్కి వాటంతటవే అంటుకోగలవు, బయట పరిచి ఆరబెట్టండి.

పైన సన్‌షేడ్ ఉంటే పీయూ, లేకపోతే నా ఓటు ఆయిల్‌కే.