పేస్టుతో గొడవ లేదు, ఆ మెత్తటి తోలుతోనే

నాలుగు వానాకాలాలుగా మామిడి అంట్లు కట్టే కత్తిని, ఆకుపచ్చ సాన పేస్టు రుద్దిన తోలుపట్టీ మీద సాన పడుతున్నాను. పట్టీ కొన్న కొత్తల్లో కనబడిన ప్రతి ఒక్కరికీ చేతి మీద రోమాలు గీసి చూపించి "కొనుక్కో అన్నా" అన్నది నేనే. ఆ మాటలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

చంద్రగిరి పక్కన మాది చిన్న మామిడి నర్సరీ. జులై, ఆగస్టుల్లో ఊపిరాడదు. కత్తి మామూలు కార్బన్ స్టీలుదే, ఒకవైపే ఏటవాలు, రెండోవైపు చదును. ఆ చదునులోనే ఉంది కిటుకంతా. పుల్ల మీద ఒక్క లాగుకు అంగుళంన్నర కోత పడాలి, అది పలకలా ఉండాలి. బెరడు కింది లేత పొరలు రెండూ ఆనుకోకుండా సందుంటే అంటు అతకదు.

పోయిన ఆగస్టులో మా దగ్గర అంట్లు కట్టే పెద్దాయన కత్తి నా చేతిలో పెట్టి, "తెగేది లేదు సామీ, జారతాంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ పొద్దునే యాభైసార్లు పట్టీకి రుద్దాను మరి. చేతి మీద గీస్తే రోమాలు రాలాయి, కాగితమూ తెగింది. పుల్ల మీద పెడితే మాత్రం నిజంగానే ముందు జారింది, కాస్త ఎత్తి పడితే ఒక్కసారిగా లోపలికి దిగింది. కోత అంతా అలలు.

సాయంత్రం చదునువైపు అంచంతా మార్కర్‌తో నల్లగా పూసి, వెయ్యి నంబరు సానరాయి మీద పడుకోబెట్టి రెండుసార్లు లాగాను. మధ్యలో ఇంకు పోయింది. అంచు వెంబడి దారమంత నల్లగీత అలాగే ఉంది. అంటే అంచు రాయిని తాకడమే లేదు! తోలు నొక్కితే కుంగుతుంది, అంచు దాటగానే మళ్లీ పైకి లేస్తుంది. నేను నొక్కినకొద్దీ చదునును గుండ్రం చేసుకుంటూ పోయింది. మెరుపు చూసి పదును అనుకున్నాను. ఆ గీత పోగొట్టడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ వారం కట్టిన అంట్లు చాలానే ఎండిపోయాయి, అయితే వాన కూడా విడవలేదు కాబట్టి పాపమంతా కత్తి మీద వేయలేను.

ఇప్పుడు తోలుకు బదులు, వడ్రంగి పారేసిన ఎం.డి.ఎఫ్. (చెక్కపొడి అదిమి చేసిన గట్టి పలక) ముక్క మీద అదే ఆకుపచ్చ పేస్టు రుద్దుతున్నాను. అది క్రోమియం ఆక్సైడ్, రేణువు అర మైక్రాన్ (మిల్లీమీటరులో రెండువేలో వంతు) అంటారు. చౌక పేస్టు కడ్డీల్లో అల్యూమినియం ఆక్సైడూ, ముతక రేణువులూ కలుస్తాయి. కార్బన్ స్టీలుకు ఫర్వాలేదు. కత్తిని దాని మీద అంచు వెనకబడేలా లాగుతూ ఏటవాలువైపు ఐదారుసార్లు, చదునువైపు పూర్తిగా పడుకోబెట్టి రెండుసార్లు, చేతి బరువు వేయకుండా. మామిడి సొన తుడవకుండా రుద్దితే పేస్టు జిడ్డుకట్టి పనికిరాదు. చెమ్మ తగిలితే ముక్క ఉబ్బుతుంది, పారేసి ఇంకోటి తెచ్చుకోవడమే.

మా బావమరిది దగ్గరున్న ఎస్30వి అనే రకం స్టెయిన్‌లెస్ స్టీలు మడత కత్తి మీద ఈ పేస్టు పెద్దగా పని చేయలేదు. ఆ స్టీలులోని వెనేడియం కార్బైడ్ కణాలు ఈ పేస్టు రేణువుల కన్నా గట్టివి, డైమండ్ పేస్టు కావాలి.

తోలుపట్టీ పారేయలేదు. రెండువైపులా ఏటవాలున్న వంటింటి కత్తికి వాడుతున్నాం, మా ఆవిడ బాగుందనే అంటుంది. రుద్దేది మాత్రం నేనే.