పొయ్యి దొరికింది గానీ ఫోకస్ దొరకలేదు: ఎనభై రూపాయల లాటిన్ డిక్షనరీ

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర అరచేతిలో ఇమిడే పాత లాటిన్-ఇంగ్లీష్ డిక్షనరీ కనిపించింది, నూట ఇరవై చెప్తే ఎనభైకి తెచ్చుకున్నా. లాటిన్ మీద మోజేం కాదు. ఇంటర్ చదివే మా అమ్మాయి దీర్ఘవృత్తం (సాగదీసిన సున్నా ఆకారం) లెక్కలు చేస్తూ, దాని లోపల నాభులు అనే రెండు చుక్కలు చూసి "నాభి అంటే బొడ్డు కదా నాన్నా, దీనికి రెండు బొడ్లేంటి?" అంది, ఇంగ్లీషులో ఫోకస్ అంటారులే అని తప్పించుకోబోతే "మరి ఫోకస్ అంటే అసలేంటి?" అని పట్టుకుంది.

అక్షరాలు చీమ తలకాయలంత, భూతద్దం లేకుండా చదవలేం. అట్ట ఊడిపోయి ఉంది, జిగురు పెట్టి అంటించుకున్నా. ఫోకస్‌కి ఇచ్చింది మూడే మూడు లైన్లు: పొయ్యి, కుంపటి, ఇల్లు, చితి. డబ్బులు దండగ అనుకున్నా ముందు. కాసేపు ఆలోచిస్తే, అన్నదమ్ములు విడిపోతే మనం వేరు కుంపటి పెట్టుకున్నారు అనమూ? రోమన్లకీ అంతే, పొయ్యి అంటే ఇల్లే. ఇంటి దేవుళ్ల పూజ కూడా దాని దగ్గరే. ఈ పాత అర్థాల వరకు పుస్తకానికి వంక పెట్టలేను.

నాకు కావాల్సింది ఆ తర్వాతి కథ, అది ఇందులో లేదు. ఈ మాటని జామెట్రీలోకి తెచ్చింది జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్, 1604లో వెలుతురు గురించి లాటిన్‌లో రాసిన పుస్తకంలో. ఎండలో భూతద్దం పట్టి కాగితం కాల్చినవాళ్లకి, ఆ అంటుకునే చుక్కని పొయ్యి అనడం ఎంత సరిపోయిందో చెప్పక్కర్లేదు. 1609కల్లా అంగారకుడి దారి దీర్ఘవృత్తమని, సూర్యుడు దాని ఒక నాభిలో ఉంటాడని తేల్చాడు, అంటే సూర్యుణ్ణి తీసుకెళ్లి సరిగ్గా పొయ్యిలో పెట్టాడన్నమాట. "రెండో పొయ్యిలో ఏముంది?" అంది అమ్మాయి. ఏమీ లేదు, అందులో పిల్లి ఇంకా లేవలేదు అన్నా.

భూమి లోపల భూకంపం మొదలయ్యే చోటు, డాక్టర్లు ఇన్ఫెక్షన్‌కి మూలం అనే చోటు కూడా ఫోకసే. ఇంకో తమాషా, కర్ఫ్యూ కూడా ఈ పొయ్యిలోంచే వచ్చింది. ఫ్రెంచ్‌లో ఫోకస్ అరిగి అరిగి 'ఫ్యూ' అయి నిప్పు అనే అర్థంలో మిగిలింది, రాత్రి గంట కొట్టగానే నిప్పు కప్పెట్టాలనే పాత నియమం పేరే కర్ఫ్యూ. ఫ్యూయల్ కూడా ఆ చుట్టమే. ఇవన్నీ ఇంటర్నెట్‌లో వెతుక్కున్నా, డిక్షనరీలో ఒక్క ముక్క లేదు.

ఐదుకి రెండున్నర ఇస్తా. పాత లాటిన్ చదివేవాళ్లకి పనికొస్తుంది, సైన్స్ మాటల కోసమైతే వద్దు. కొనేముందు పేజీలు తిప్పి చూసుకోండి, నా కాపీలో 'క్యూ' మొత్తం లేదు, ఇంటికొచ్చాక చూశా.