షుగర్‌పై అవగాహనకు ఏది మేలు: ఒక్కరోజు శిబిరమా, ఫోను సందేశమా, నెలనెలా సమావేశమా?

నవంబర్ 14 వస్తే చాలు, నడకలు, నీలి వలయం గుర్తులు, ఉచిత రక్తపరీక్షలు. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజునే 1991 నుంచి ప్రపంచ మధుమేహ దినంగా పాటిస్తున్నారు. ఈ సందడిని నేను తీసిపారేయను. టైప్ 2 మధుమేహం ఏళ్ల తరబడి ఏ బాధా పెట్టకుండా ఒంట్లో ఉండిపోగలదు. ఆసుపత్రి గడప తొక్కనివారి చేత కూడా పరీక్ష చేయించగలిగేది శిబిరమే.

అయితే వేలు గుచ్చి, చీటీ మీద 168 అని రాసి చేతికిచ్చాక ఏం జరుగుతుంది? తిన్న ఎంతసేపటికి చూశారో ఆ చీటీలో ఉండదు. పరగడుపున 126 మిల్లీగ్రాములు గానీ, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతం గానీ, లేదా అంతకు మించి గానీ ఉండి, లక్షణాలేవీ లేనివారికి మరో పరీక్షలోనూ అదే తేలితేనే మధుమేహమని నిర్ధారిస్తారు. ఆ మాట చెప్పవలసినవారు సాయంత్రానికి బల్లలు సర్దుకుని వెళ్లిపోతారు. చీటీ చూసి ఒకరు నిద్ర మానుకుంటారు, మరొకరు జేబులో పెట్టి మరిచిపోతారు. ఆ రెండోవారి గురించే నా బెంగ.

ఫోను సందేశానికి ఖర్చు తక్కువ, వేలమందికి చేరుతుంది. దాని బలమెంతో బంగ్లాదేశ్‌లోని ఫరీద్‌పూర్ జిల్లాలో 96 గ్రామాల్లో జరిపిన అధ్యయనం తేల్చింది. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. వారానికి రెండు వాయిస్ సందేశాలు అందిన గ్రామాల్లో షుగర్ గురించి తెలిసినవారు పెరిగారు గానీ, షుగర్ తగ్గలేదు. నెలకోసారి కలిసి కూర్చుని, తమ ఇబ్బందులేమిటో తామే గుర్తించి, తామే దారి వెతుక్కున్న గ్రామాల్లో మాత్రం మధుమేహం, దాని ముందు దశ కలిపి బాగా తగ్గాయి.

నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. వారానికి 150 నిమిషాలు నడవాలని తెలియనివారు తక్కువ. ఒంటరిగా వీధిలో నడవడానికి బెరుకు, వంట ఒకరి చేతిలో ఉంటే షుగర్ ఇంకొకరికి ఉండడం, ఇవీ అసలు చిక్కులు. సమావేశంలో ఒకామె ఆ బెరుకు సంగతి బయటపెడితే, మర్నాడు నలుగురు ఆమెతో కలిసి బయలుదేరుతారు. రికార్డు చేసిన గొంతు ఆ పని చేయలేదు.

సమావేశానికీ లోపాలున్నాయి. నెమ్మదిగా సాగుతుంది, ఓపికగా నడిపేవారు కావాలి, పనికి పోయేవారు రాలేరు. అన్నిటికన్నా భయపెట్టేది, ఎవరో ఒకరు కషాయం పేరు చెప్పి మాత్రలు మాన్పించడం. ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారుకాని టైప్ 1 మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ ఆపితే ప్రాణానికే ముప్పు. అందుకే శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త లేని సమావేశాన్ని నేను సమర్థించను.

ఒక్కదానికే డబ్బుంటే నా ఓటు నెలనెలా సమావేశానికే. శిబిరం పెట్టి తీరాలనుకుంటే, ఆ చీటీలో అంకెతో పాటు మరో మూడు రాయండి: తిని ఎంతసేపైంది, మళ్లీ పరీక్ష ఎక్కడ చేయించుకోవాలి, మొదటి సమావేశం ఏ రోజు.