కాలనీ ఛానల్ పెట్టాలంటే: కేబులా, రేడియోనా, యూట్యూబా, ఏది మేలు?

"మా గాజువాకలో కూడా ఒక ఛానల్ పెడదామనుకుంటున్నాం మాస్టారూ. కేబుల్‌లో పెట్టమంటారా, యూట్యూబ్ చాలంటారా?" మేం ఇలాంటి ఛానల్ ఒకటి నడుపుతున్నాం కనుక ఈమధ్య ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. విశాఖలో గాజువాక కాకపోతే మధురవాడ, మధురవాడ కాకపోతే పెందుర్తి. అడిగే ఊరు మారుతుంది గానీ ప్రశ్న అదే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసి పెట్టడం నయం.

అడిగేవాళ్లంతా ప్రసారం గురించే అడుగుతారు. నేను చూసినంతలో ఇలాంటి ఛానళ్లు మూతపడేది ప్రసారం దగ్గర కాదు, జీతాల దగ్గర. కెమెరా కొనిచ్చే దాత ఈ ఊళ్లో దొరుకుతాడు. దానిమీద ఆయన పేరు రాయొచ్చు, ప్రారంభోత్సవానికి పిలిచి శాలువా కప్పొచ్చు. ఎడిటింగ్ చేసే కుర్రాడికి నెలనెలా జీతమిచ్చే దాత మాత్రం దొరకడు. జీతానికి రిబ్బన్ కటింగ్ ఉండదు కదా. అందుకని ఏ దారి చూసినా నేను వేసే ప్రశ్న ఒక్కటే: ఒకటో తారీకున జీతం ఎవరిస్తారు, ఇచ్చినందుకు బదులుగా ఏం అడుగుతారు?

అమెరికాలోలా పబ్లిక్ యాక్సెస్ టీవీ, అంటే మామూలు జనమే కార్యక్రమాలు తీసి వేసుకునే ఛానల్, ఇక్కడెందుకు కుదరదని కొందరు కుర్రాళ్లు అడుగుతుంటారు. అక్కడ 1984 నాటి కేబుల్ చట్టం ప్రకారం కేబుల్ కంపెనీ స్థూల ఆదాయంలో 5 శాతం దాకా నగరపాలక సంస్థ రుసుముగా తీసుకోవచ్చు, జనం వాడుకోవడానికి ఛానళ్లు విడిచిపెట్టమనీ కోరవచ్చు. చాలా ఊళ్లలో ఆ రుసుములో కొంత ప్రజల స్టూడియోకి చేరుతుంది. మన 1995 కేబుల్ చట్టంలో అలాంటి ఏర్పాటు లేదు. కాబట్టి మన నగరపాలక సంస్థ జీవీఎంసీకి అర్జీ పెట్టి కూర్చుంటే వచ్చేదేమీ లేదు. పైగా అక్కడా జనం కేబుల్ పీకించేసి ఇంటర్నెట్‌కి మళ్లేకొద్దీ ఆ 5 శాతం కరుగుతోంది, రుసుము కట్టేది కేబుల్ బిల్లుల మీద వచ్చిన ఆదాయం లెక్కనే కనక.

కేబుల్

సెట్‌టాప్ బాక్సులు రాకముందు లోకల్ కేబుల్ ఛానల్ అంటే ఆపరేటర్ గదిలో ఒక ప్లేయరు, ఒక తీగ. హైదరాబాదుతో పాటు విశాఖ కూడా కేబుల్ డిజిటైజేషన్ (సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి చేయడం) రెండో దశలో ఉంది, 2013 మార్చి నెలాఖరు గడువుగా ఆ పాత ముచ్చట ముగిసింది. ఇప్పుడు తీగ చివర ఉన్న మన వీధి ఆపరేటర్ చేతిలో ఏమీ లేదు. ఛానల్ పెట్టేది, తీసేది అంతా ఎమ్మెస్వోనే, అంటే వీధి ఆపరేటర్లకి సిగ్నల్ అందించే పెద్ద కేబుల్ సంస్థే.

2022 నవంబర్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఈ లోకల్ ఛానళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. ప్లాట్‌ఫామ్ సర్వీస్ అన్న పేరుతో ఒక్కో ఛానల్‌ని నమోదు చేయించాలి. రుసుము వెయ్యి రూపాయలే, అది సమస్య కాదు. అసలు చిక్కులు వేరే ఉన్నాయి. స్థానిక వార్తలు వేయాలంటే ఎమ్మెస్వో కంపెనీగా నమోదై ఉండాలి. అంటే మీ సొసైటీ పేరుమీద ఛానల్ రాదు, వాళ్ల ఛానల్లో మీరు అతిథులు. ప్రసారమైనదంతా తొంభై రోజులు రికార్డు చేసి ఉంచాలి. ఒక ఎమ్మెస్వోలో వచ్చే ఛానల్‌ని ఇంకో ఎమ్మెస్వోకీ డీటీహెచ్‌కీ ఇవ్వకూడదు. గుళ్ల నుంచి వచ్చే ప్రత్యక్ష ప్రసారానికి మాత్రం మినహాయింపు ఉంది. సింహాచలం చందనోత్సవం అందరూ చూపించుకోవచ్చు, మీ వీధిలో కాలవ పొంగిన సంగతి మాత్రం ఒక్కరి దగ్గరే ఆగిపోతుంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో కింది ఇంటికి ఒక కేబుల్, పై ఇంటికి ఇంకొకటి, ఆ పై ఇంటికి డిష్ ఉండే ఊళ్లో ఇది చిన్న అడ్డంకి కాదు.

ఇక డబ్బు. కేబుల్ ఛానల్‌కి వచ్చే ఆదాయమంతా యాడ్లే, అవీ సీజన్ల వారీగా వస్తాయి. వేసవిలో స్కూలు, కాలేజీ అడ్మిషన్లు, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లు. తర్వాత జగదాంబ దగ్గర బట్టల షాపుల ఆషాఢం డిస్కౌంట్లు, ఆపైన దసరా, దీపావళి, సంక్రాంతి. సంక్రాంతి దాటాక స్కూళ్లు మళ్లీ మేలుకునేదాకా గల్లాపెట్టెలో ఈగలే. ఆ ఖాళీని నింపేది నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు. కిందనుంచి పరిగెత్తే ఆ స్క్రోలింగ్‌కి డబ్బు ఠంచనుగా వస్తుంది, అడక్కుండానే వస్తుంది. అది తీసుకున్న నెలలో ఆయన వార్డులో చెత్త బండి రాలేదని వేసి చూడండి.

ఇంత చెప్పినా కేబుల్‌ని పూర్తిగా కొట్టిపారేయను. స్మార్ట్‌ఫోన్ పట్టుకోని పెద్దవాళ్లు రిమోట్ నొక్కి చూసేది దాన్నే. ఛానల్ మొత్తం కాకుండా రోజుకి అరగంట స్లాట్ అద్దెకు తీసుకుంటే చాలు.

రేడియో

టీవీ గురించి అడిగితే రేడియో ఎందుకంటారా? ఈ దేశంలో సముదాయం తన పేరుమీద లైసెన్సు తెచ్చుకోగలిగిన ప్రసారం ఇదొక్కటే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచారు. స్వచ్ఛంద సంస్థ చేతిలో మొట్టమొదట మొదలైంది మన తెలుగు స్టేషనే. 2008లో జహీరాబాద్ దగ్గర దళిత మహిళలు నడిపిన సంగం రేడియో.

2024 ఫిబ్రవరిలో నిబంధనలు కాస్త సడలాయి. గంటకు 7 నిమిషాలున్న యాడ్ సమయం 12 నిమిషాలైంది. ప్రభుత్వ ప్రకటనల రేటు పది సెకన్లకు 52 రూపాయల నుంచి 74కి పెరిగింది. పన్నెండు నిమిషాలూ ఆ రేటుకే నిండితే గంటకు 5,328 రూపాయలు. నిండవు. అయినా ఇది కేబుల్ యాడ్ లాంటిది కాదు, రేటు ముందే రాసి ఉంటుంది కాబట్టి ఎవరి మొహమాటమూ అక్కర్లేదు.

అడ్డంకులు రెండు. మొదటిది, సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టుగానో, స్థానిక భాషలోకి తర్జుమా చేసో వేసుకోవాలి. వాతావరణం, ట్రాఫిక్, పరీక్షల తేదీలు, కరెంటు కోతలు వార్తల కిందికి రావు కనుక చెప్పుకోవచ్చు. రెండోది మన కొండలు. వంద వాట్ల లోపు శక్తి, ముప్ఫై మీటర్ల లోపు స్తంభం, అందేది పది కిలోమీటర్ల చుట్టూ. ఎంవీపీ కాలనీలో స్తంభం నిలబెడితే సింహాచలం కొండ అవతల పెందుర్తివాళ్లకి గరగరే వినిపిస్తుంది. గాజువాకకి యారాడ కొండ ఇటు ఉందో అటు ఉందో చూసుకుని స్థలం ఎంచుకోవాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి మాత్రం రేడియో ఎందుకో చెప్పనక్కర్లేదు. కరెంటు లేదు, కేబుల్ తీగలు రోడ్లమీద, ఫోన్లు మూగ. నీళ్ల ట్యాంకరు ఎక్కడికొచ్చిందో, పాలు ఎక్కడ దొరుకుతున్నాయో చెప్పడానికి బ్యాటరీ సెట్టుని మించింది లేదు. కాకపోతే లైసెన్సు కావాలంటే ఆ ప్రాంతంలో కనీసం మూడేళ్లు సేవ చేసిన సంస్థ అయి ఉండాలి. మొదటి అడుగే రేడియో అంటే కుదరదు.

యూట్యూబ్

ఇందులో ప్రసారం ఉచితం. అందుకే అందరూ ఇక్కడే మొదలెడతారు, యాడ్ డబ్బు వస్తుందన్న ఆశతో. ఆ ఆశ వదులుకోండి. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణం దాటితే యాడ్ ఆదాయంలో 55 శాతం మనకిస్తారు, నిజమే. కానీ మన సరుకు ఏమిటి? జీవీఎంసీ కౌన్సిల్ సమావేశంలో మన కార్పొరేటర్ ఏం మాట్లాడారన్నది 98 వార్డుల్లో ఒక్క వార్డువాళ్లే చూస్తారు. చూడాల్సినవాళ్లందరూ చూసినా అది వెయ్యి దాటకపోవచ్చు. వ్యూస్ కోసం పరిగెడితే రెండు నెలల్లో మీరూ సినిమా గాసిప్ ఛానల్ అయిపోతారు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర గురువారాలు షూట్ చేసి పెడితే వెనక మైకులో మోగిన సినిమా పాటకి కాపీరైట్ క్లెయిమ్ పడి, వచ్చే పైసలూ పాట కంపెనీకే పోతాయి. మైకు సెట్టువాణ్ణి బతిమాలి ఆ పది నిమిషాలు పాట ఆపించడం కూడా ఇప్పుడు మా షూటింగ్ పనిలో భాగం.

వార్తలు పెడితే 2021 ఐటీ నిబంధనలు వర్తిస్తాయి. ఫిర్యాదుల అధికారి పేరు ప్రకటించాలి, వచ్చిన ఫిర్యాదుకి పదిహేను రోజుల్లో సమాధానమివ్వాలి. భయపడాల్సిందేమీ లేదు, ఒక రిజిస్టరు పెట్టుకుంటే సరిపోతుంది.

అయినా నా ఓటు యూట్యూబ్‌కే. యాడ్ ఆదాయాన్ని సున్నాగా లెక్క కడితే మిగిలేది మన షరతుల మీద నడిచే ఛానల్. మీట నొక్కి ఆపే ఎమ్మెస్వో లేడు. మరి జీతం ఎక్కణ్ణుంచి?

నెలకి వంద

ఇళ్ల నుంచి చందా. నెలకి వంద. వినడానికి చిన్నగా ఉంటుంది. మూడు వందల ఇళ్లయితే ముప్ఫై వేలు, అంటే ఒక ఎడిటరు, ఒక పార్ట్‌టైమ్ కెమెరా. వీధి చివర వినాయకుడి పందిరికి ఐదు వందలు రాసే ఇంటివాళ్లు దీనికి వంద ఎందుకివ్వరు? పందిరి కళ్ల ముందు కనిపిస్తుంది కాబట్టి. కాబట్టి ముందు కనిపించండి. మూడు నెలలు ఉచితంగా నడిపి, ఆ వీధివాళ్ల మొహాలు ఆ వీధివాళ్లకి చూపించి, అప్పుడు రసీదు పుస్తకం తియ్యండి. యూపీఐ ఆటోపే ఉంది గానీ, మొదటి చందా ఇంటికెళ్లి అడగాలి.

సీతమ్మధారలోనో మధురవాడలోనో అయితే ఇల్లిల్లూ తిరగక్కర్లేదు. అపార్ట్‌మెంట్ సంఘం మెయింటెనెన్స్‌లో ఒక పద్దు రాసుకుని నెలకో చెక్కు ఇస్తుంది. సంఘం కార్యదర్శి మారినా ఆ పద్దు అంత తొందరగా పోదు. జాలరిపేటలో లెక్క వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలు చందా అడిగేవాడికి సిగ్గుండాలి. అక్కడ ఏడాదికి పది నెలల చందాయే అని ముందే చెప్పేయండి.

వందిచ్చినవాళ్లు అడిగేది కూడా చిన్నదే: మా వీధి లైటు గురించి ఎప్పుడేస్తారు అని. మూడు వందల మందిలో ఒకడు అలిగి మానేస్తే పోయేది వంద రూపాయలు. పెద్ద యాడ్ ఇచ్చేవాడు అలిగితే ఎడిటరు పోతాడు. నా పక్షపాతమంతా ఈ లెక్కలోనే ఉంది.

సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు సంగతి తప్పకుండా అడుగుతారు, ఈ ఊరి చుట్టూ ఇన్ని కంపెనీలు ఉన్నాయి కదా అని. 2013 కంపెనీల చట్టం కింద లాభంలో 2 శాతం. ఆదాయపు పన్ను మినహాయింపుకి 12ఏ, 80జీ నమోదులు, వాటితోపాటు సీఎస్ఆర్-1 నమోదు లేకుండా అడగలేరు. కెమెరాలకీ, లైట్లకీ, కుర్రాళ్ల శిక్షణకీ తీసుకోండి. జీతాలకి వద్దు. కొనసాగే ప్రాజెక్టు అన్నా మొదలైన ఏడాది కాక మూడేళ్లే, నాలుగో ఏడు ఆ జీతగాణ్ణి ఏం చేస్తారు? ఇంకో మాట. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి కమ్మి జనం చీకట్లో పరిగెత్తారు. అలాంటి తెల్లవారు మళ్లీ వస్తే మీ ఎడిటరు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి కెమెరా పట్టుకుని వెళ్లగలగాలి. ఆ ఫ్యాక్టరీయే జీతమిస్తుంటే వెళ్లగలడా?

అమెరికాలో ఉన్న మనవాళ్ల డబ్బు గురించి ఒక జాగ్రత్త. ఆడియో, వీడియో వార్తలు తయారుచేసే సంస్థలు విదేశీ విరాళం తీసుకోకూడదని ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం సూటిగా చెబుతుంది. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మీ అబ్బాయి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న మీ బావగారు పంపితే అవుతుంది, ఆయనకి ఓసీఐ కార్డు ఉన్నా సరే. ఎంత పెద్ద మొత్తమైనా నమస్కారం పెట్టి తిప్పి పంపేయండి.

ఛానల్ నడిపే సొసైటీని ఎలా నమోదు చేయాలన్నది తెలిసిందే. 2001 సొసైటీల చట్టం, ఏడుగురు సభ్యులు. నేను చెప్పేదల్లా అది ఈ నెలలోనే చెయ్యమని. రేడియో లైసెన్సుకి మూడేళ్ల సేవ చూపించాలి కదా, ఆ లెక్క నమోదు తేదీతో మొదలైతే మేలు.

విస్తరణ మాట. భీమిలి నుంచి అనకాపల్లి దాకా ఒకేసారి అని ఎవరన్నా చెబితే కాఫీ ఇచ్చి పంపేయండి. మా పద్ధతి: కొత్త వార్డులో ఇళ్ల చందా అక్కడి కుర్రాడో అమ్మాయో ఒకరికి పార్ట్‌టైమ్ జీతానికి సరిపడా మూడు నెలలు వరసగా వస్తేనే ఆ వార్డు పేరు ఛానల్లో చేరుస్తాం. రాకపోతే వసూలైనది తిరిగిచ్చేస్తాం. రెండో స్టూడియో జోలికి పోం. ఆ వార్డులో ఒక ఫోను, ఒక కాలర్ మైకు, వారానికి రెండు వీడియోలు. గాజువాకవాళ్లకీ ఇదే చెప్పాను. ముందు ఒక్క వీధి చందా పుస్తకం పట్టుకుని రండి, కేబుల్ స్లాట్ సంగతి తర్వాత మాట్లాడుకుందామన్నాను.